కాశీలో ఏం వదిలింది?

హనోయి, వియత్నాం
జూన్

ఏమే రవళీ,

చేరాను. బతికే ఉన్నాను. ఈ రెండు ముక్కలూ మా అమ్మకి వాట్సాప్‌లో పెడితే, "ఎండలో తిరక్కు, నల్లబడితే సంబంధాలకి ఫోటో మళ్లీ తీయించాలి" అని జవాబొచ్చింది. మా వెంకటరమణమ్మగారి దృష్టిలో ఆసియా ఖండం అంటే ఎండ.

మిగతాదంతా నీకే. వాయిస్ మెసేజ్ పెడితే మీ ఇస్నాపూర్ అరుగు మీద ఇంటిల్లిపాదీ కూర్చుని వింటారన్నావు కాబట్టి, నువ్వు కోరినట్టే పాతకాలంలా ఉత్తరాలు. కాకపోతే మెయిల్లో. సంగారెడ్డిలో కాలేజీ మెట్ల మీద కూర్చుని ఇద్దరం కలిసి గీసుకున్న దారిది. ఇప్పుడు నేనొక్కదాన్నే నడుస్తున్నాను. చదివే కష్టమైనా నువ్వు పడు.

నేను దిగిన హాస్టల్లో గదికి ఎనిమిది మంచాలు, ఒకదాని మీద ఒకటి. ఆడామగా కలిసే. ఇక్కడ ఎవరూ కులం అడగరు. "ఎన్నాళ్లుగా తిరుగుతున్నావు?" అంటారు. అదే కులం. రెండు వారాల సెలవు మీద వచ్చినవాళ్లతో ఎవరూ పంక్తిభోజనం చెయ్యరు. ఆరు నెలలు దాటితే కాస్త మర్యాద. ఏడాది దాటినవాడు స్నానం చెయ్యకపోయినా మడే. నా పై మంచం మీద ఒక డచ్చివాడున్నాడు. తనని తాను వెతుక్కుంటూ రెండేళ్లుగా తిరుగుతున్నాడట, ఇంకా దొరకలేదట. మీ చౌరస్తాలో యాదన్న టీ కొట్టు ముందు రెండు పూటలు నిలబడితే, వాడెవడో, వాడి తాత ఎవడో, జీతమెంతో అన్నీ యాదన్నే చెప్పేసేవాడు. ఈ దేశాల్లో ఆ సౌకర్యం లేదు.

ఇక్కణ్ణుంచి లావోస్, కంబోడియా, థాయ్‌లాండ్, చివరికి నేపాల్. ఆఖరి మజిలీ పోఖరా. అక్కడ చెరువు గట్టున కూర్చుని పది రోజులు ఏమీ చెయ్యను. గచ్చిబౌలి ఉద్యోగం వదిలింది ఆ పది రోజుల కోసమే అనుకో.

నీ గుజరాత్ ఉద్యోగం సంగతేమైంది? మీ నాయన ఏమన్నారు?

శ్రీదివ్య


ఇస్నాపూర్
జూలై

దివ్యా,

మా నాయన ఏమన్నాడో చెప్తాను, కూర్చో. పడుకుని ఉంటే లేచి కూర్చో, ఇది నీకు సంబంధించిన ముచ్చట.

అంకలేశ్వర్ కంపెనీ వాళ్లు ఆర్డర్ పంపించారు. రీసెర్చ్ ల్యాబ్, ఇప్పుడొచ్చే జీతానికి దాదాపు రెట్టింపు, డిసెంబర్ ఆఖరుకల్లా చేరాలి. ఇక్కడి గోలీల కంపెనీలో ఎమ్మెస్సీ చదువు పెట్టుకుని నేను చేసేది ఏంది? మాత్ర పగిలిందా లేదా చూడటం. ఆ కాగితం మా నాయన చేతిలో పెట్టాను. జొన్న చేలో కిరాయి గదులు కట్టినప్పటి నుంచి మా పెద్దరాములు సారుకు ప్రతి కాగితం మీదా అనుమానమే. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. తర్వాత అన్నాడు: "ఆ వీర్రాజు సారు బిడ్డ ఒక్కతే దేశాలు పట్టుకొని పోయింది గద. సక్కగ పోయి సక్కగ రానియ్యి. అప్పుడు నీ ముచ్చట సూద్దాం."

అర్థమైందా? మా ల్యాబ్‌లో లక్ష మాత్రల బ్యాచ్‌లోంచి ఇన్ని తీసి పరీక్షిస్తాం. అవి పాసైతే బ్యాచ్ మొత్తం పాస్. అవి ఫెయిలైతే అంతా గుంతలో పోయడమే. నువ్వు శాంపిల్‌వి. నేను బ్యాచ్‌ని.

కాబట్టి నీ ఉత్తరం సాయంత్రం అరుగు మీద చదివి వినిపించాను. కొద్దిగా మార్చాను. నీ హాస్టల్ లేడీస్ హాస్టల్ అయింది. డచ్చివాడు ముసలమ్మ అయ్యాడు. తనను తాను వెతుక్కోవడం లేదు, తప్పిపోయిన మనవణ్ణి వెతుక్కుంటోంది. మా నాయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నువ్వు ఆమెకు తోడుగా ఉన్నందుకు సంతోషపడ్డాడు.

అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ మొత్తం విన్నది. ఒక్కటే అడిగింది: "ఆ బస్సుల ఆడమనిషి ఒక్కతే కూసుంటె పక్కకు ఎవరు కూసుంటరు?" నాకు తెలియదన్నాను. ఈసారి రాసేటప్పుడు అది కూడా రాయి.

ఇంకా కొన్ని నియమాలు. ప్రతి ఉత్తరంలో ఒక గుడి, ఒక పెద్దమనిషి ఆశీర్వాదం, ఒక పెరుగన్నం ఉండాలి. బీరు, స్కూటర్, "మేమందరం" అనే మాట ఉండకూడదు. జెర నా కోసం చెయ్యవే. నా బతుకు నీ నడవడిక మీద ఆధారపడుతుందని కాలేజీలో ఎవరైనా చెప్పి ఉంటే ఇద్దరం నవ్వి చచ్చేవాళ్లం.

రవళి


లువాంగ్ ప్రబాంగ్, లావోస్
ఆగస్ట్

రవళీ,

మీ నాయనగారి సమక్షానికి:

నేనిక్కడ క్షేమం. ఈ ఊరంతా గుళ్లే. తెల్లవారకుండానే సన్యాసులు వరుసగా భిక్షకి వస్తారు. ముసలమ్మలు మోకాళ్ల మీద కూర్చుని పిడికెడేసి అన్నం పెడతారు. నేనూ పెట్టాను. ఒక ముసలమ్మ నా మణికట్టుకి తెల్ల దారం కట్టి దీవించింది. ఇక్కడ పెరుగు దొరుకుతుంది, తియ్యగా ఉంటుంది, అన్నంలో కలిపితే ఏడుపొస్తుంది. అయినా కలిపాను.

ఇది అరుగు మీద చదువు. ఇక్కణ్ణుంచి నీకు.

ఆ భిక్ష పెట్టేది ముసలమ్మలు, ఫోటోలు తీసేది మేము. ఒక్కో సన్యాసికి పదేసి కెమెరాలు. వాళ్లు తలొంచుకుని వెళ్లిపోతుంటే, నా పక్కనున్న బెంగుళూరు పిల్ల "వెలుతురు బాలేదు, ఇంకోసారి నడవమని చెప్పగలరా" అని గైడ్‌ని అడిగింది. ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఎన్నిసార్లు నవ్వాడో పాపం, అరిగిపోయింది.

మీ అమ్మగారికి చెప్పు: బస్సులో నా పక్కన మొదట బుట్టలో కోళ్లు కూర్చున్నాయి. తర్వాత వాటి యజమానురాలు కూర్చుంది. నా భుజం మీద తల పెట్టుకుని నాలుగు గంటలు నిద్రపోయింది. భయం వెయ్యలేదు. కాలు తిమ్మిరెక్కింది అంతే.

ఇంకొకటి, ఇది నీకొక్కదానికే. వారం రోజులు జ్వరం. మంచం మీంచి లేవలేదు. మా అమ్మకి చెప్పలేదు, పాత ఆఫీసు స్నేహితురాళ్లతో తిరుగుతున్నానన్న అబద్ధమే ఇంకా నడుస్తోంది. అన్నం ఎవరు తెచ్చిపెట్టారనుకున్నావు? ఆ డచ్చివాడే, ఇక్కడికీ వచ్చాడు. ఆ పూటకి వాడు నిజంగా ముసలమ్మే అయ్యాడు, నీ నోటి మహిమ.

దివ్య


ఇస్నాపూర్
సెప్టెంబర్

దివ్యా,

నీకు జ్వరమని బాధపడుతూ జవాబు రాద్దామని కూర్చున్నాను. అప్పుడే మా తమ్ముడు దశరథ్ యాదన్న కొట్టు నుంచి పరుగున వచ్చి ఫోన్ నాయన ముందు పెట్టాడు. నీ ఇన్‌స్టాగ్రామ్ ఫోటో. నది, ముగ్గురు తెల్లోళ్లు, నడుమ నువ్వు, మోకాళ్ల పైకి నిక్కరు, చేతిలో ఎర్ర ప్లాస్టిక్ బకెట్, బకెట్లో నాలుగు గొట్టాలు, నాలుగు నోళ్లు. జ్వరం తగ్గాక తీసిందనుకుంటాను.

"ఏందది?" అన్నాడు నాయన.

నా ఉద్యోగం, నా అంకలేశ్వర్, నా డిసెంబర్, అన్నీ ఆ బకెట్లో మునగడం కళ్లారా చూశాను. నోట్లోంచి దానంతటదే వచ్చింది: "తీర్థం."

ఆ దేశంలో తీర్థం బకెట్లో ఇస్తారని, కులమతాలు చూడకుండా అందరూ ఒకేసారి పుచ్చుకోవాలని, నదిలో దిగాలి కాబట్టి నిక్కరు తప్పదని చెప్పాను. నాయన ఫోన్ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఏడుపాయల జాతరకు ఏటా పోయే మనిషి, మొక్కులంటే ప్రాణం. చివరికి, "ఆళ్లకే నయం, భక్తి ఎక్కువుంది" అని దశరథ్‌ను మందలించాడు.

ఆ రోజు నుంచి నువ్వు తిరుగుతున్నది తీర్థయాత్ర. మా గల్లీ మొత్తం అదే అంటోంది. పక్కింటి కౌసల్యక్క కూతురికి నెలలు నిండుతున్నాయట, నీ చేతి దారంలాంటిది ఒకటి కావాలట. యాదన్న కొట్టు మీద నీ పేరు చెబితే, కిష్టారెడ్డిపేట వైపు పోయే ఆటోవాళ్లు మీ అపార్ట్‌మెంట్ చూపిస్తున్నారట. మీ అమ్మ మా ఇంటికి ఫోన్ చేసి, మా అమ్మాయికి ఇంత భక్తి ఎప్పటి నుంచి అని అడిగింది. మొదటి నుంచీ ఉంది, బయటపడలేదు అని చెప్పాను.

అసలు సంగతి ఇప్పుడు. నిన్న నాయన లెక్క తేల్చాడు: "ఎన్ని దేశాలు తిరిగినా కాశీకి పోకుంట అది యాత్ర ఎట్లయితది?" ఆఖరి మజిలీ కాశీ కావాలి. గంగ నీళ్లు తేవాలి. ఇంట్లో సమారాధన పెట్టిస్తాడట, ఖర్చు తనదే. అది జరిగితే నేను పోయినట్టే. పోఖరా నుంచి కాశీ ఎంత, ఒక్క రాత్రి ప్రయాణం. చెరువు బదులు నది. నీకేం తేడా?

ఇంట్లో మిగతా అందరూ బాగున్నారు. అమ్మ పనయ్యాక మూడో గదిలో కిరాయికుండే సునీత దగ్గర కూర్చుంటోంది. వాళ్లది బనారస్ అవతల పల్లె, ఛఠ్ పండుగకు పోతారట. ఇద్దరూ రైళ్ల ముచ్చట పెడితే వినలేం.

రవళి


పోఖరా, నేపాల్
అక్టోబర్

రవళీ,

కాశీకి వెళ్లను.

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి రాలేదు. నేను ఉద్యోగం మానేసి, మా అమ్మ ఏడుపు విని, మా నాన్న నెల రోజులు మాట్లాడకపోతే ఓర్చుకుని, నా ఇష్టప్రకారం నడిచిన దారి ఇది. నా జన్మలో నేను ఎవరి అనుమతీ అడక్కుండా చేసిన పని ఇదొక్కటే. దాన్ని నువ్వు పసుపు రాసి, బొట్టు పెట్టి, మీ నాయన మొక్కుల పక్కన కూర్చోబెట్టావు. మరో నెల ఆగితే నాకు పూనకం కూడా వస్తుంది, నువ్వు చదివి వినిపిస్తావు.

నీకు ఉద్యోగం కావాలంటే మీ నాయన ఎదురుగా నిలబడి, నాకు కావాలి, వెళ్తాను అని చెప్పు. నన్ను చూపించి అడక్కు. నేను పాసైతే నువ్వు పాసవుతావా? రేపు నేను ఎవణ్ణో ప్రేమిస్తే నీ ఉద్యోగం పీకేస్తారా? ఇస్నాపూర్ ఆడపిల్లలందరి నడవడికకీ నేను పూచీకత్తు ఇవ్వలేను. నా నడవడికకే ఇవ్వలేకపోతున్నాను.

ఇక్కడ చెరువు బాగుంది. పడవలున్నాయి, వెనకాల మంచుకొండ ఉందని చెప్పారు, మబ్బు పట్టి కనపడలేదు. పది రోజులు ఏమీ చెయ్యకుండా కూర్చోవాలనుకున్నాను కదా, మూడో రోజుకే తోచడం లేదు. నిజానికి అలసిపోయాను. ఏ ఊరెళ్లినా అదే అరటిపండు దోశ, అదే ఏనుగుబొమ్మల పైజమా, అదే ప్రశ్న: ఎన్నాళ్లుగా తిరుగుతున్నావు? ఇప్పుడు నేనే కొత్తవాళ్లని అడుగుతున్నాను. రెండు వారాలంటే మొహం తిప్పుకుంటున్నాను. అంత దూరం పోయి సంపాదించింది అది.

అయినా ఇది నా ఆఖరి మజిలీ. ఇక్కణ్ణుంచి ఇంటికే.

శ్రీదివ్య


ఇస్నాపూర్
అక్టోబర్ ఆఖరు

దివ్యా,

నీ కోపానికి జవాబు తర్వాత రాస్తాను. అమ్మ కనిపించడం లేదు. అంటే కనిపించింది, కానీ నాగపూర్‌లో.

నిన్న పొద్దున, జోగిపేటలో అక్క దగ్గర రెండు రోజులుండి వస్తానని సంచి పట్టుకుని వెళ్లింది. నాయనే బస్సెక్కించాడు. మధ్యాహ్నం ఆ జోగిపేట పెద్దమ్మే మా ఇంటికి వచ్చి, ముత్యమ్మ ఏది అని అడిగింది. నాయన ఆమెను కూర్చోబెట్టి, "మీ ఇంటికే వచ్చింది గద" అన్నాడు. ఆమె, "నేను మీ ఇంట్లనే ఉన్న గద" అన్నది. ఇద్దరూ ఒకరినొకరు అట్లా చూస్తూ కూర్చున్నారు. మూడో గదికి తాళం ఉందని అప్పుడు చూశాను.

రాత్రి సునీత ఫోన్ చేసింది, నాగపూర్ దాటారట. వెనకనుంచి అమ్మ గొంతు వినిపిస్తోంది, సీటు కోసం ఎవరితోనో హిందీలో కొట్లాడుతోంది. ఫోన్ తీసుకుని నాతో అన్నది: "నువ్వు సదివినవి ఇన్నంక నాకు గూడ పోవాలనిపించింది. దివ్య కాశీకి వస్తదన్నవు గద, ఆడ కలుస్త. మీ నాయినకు పప్పు వండి పెట్టు."

ఆ పిల్ల కాశీకి రావడం లేదని నేను చెప్పలేకపోయాను. సంగారెడ్డి దాటితే దారి తెలియని మనిషి. పండుగ ఉంది కాబట్టి సునీత ఒక్క రోజే ఆమెతో ఉండి తన ఊరికి వెళ్లిపోతుంది. నాయన పొద్దుటి నుంచి అరుగు మీద కూర్చుని రోడ్డు చూస్తున్నాడు. మాట్లాడితే ఏమంటాడో నాకు తెలుసు. ఆడోళ్లు ఒక్కరే పోతే ఇట్లనే అయితది అంటాడు. అప్పుడు డిసెంబర్ లేదు, ఏదీ లేదు.

అదంతా పోనీ. అమ్మ అక్కడ ఒక్కతే. నువ్వన్నది నిజమే, నేను ఎదురుగా నిలబడి అడగాల్సింది. ఇప్పుడు నిన్నే అడుగుతున్నాను. కాశీకి పో.

రవళి


కాశీ
కార్తీక మాసం

రవళీ,

మీ అమ్మ క్షేమం. నేనూ క్షేమమే, ఆవిడ దయవల్ల.

నీ ఉత్తరం చదివిన గంటలో బస్సెక్కాను. సరిహద్దు దాటి, రాత్రంతా కుదుపుల్లో, కాశీలో దిగేసరికి ఒళ్లు హూనం. అయిదు దేశాలు తిరిగొచ్చిన నన్ను బస్టాండు బయట ఆటోవాడు ఒకే వీధి చుట్టూ మూడుసార్లు తిప్పాడు. తెలుగువాళ్లు దిగే సత్రానికి చేరేటప్పటికి నీ తల్లి మెట్ల మీద కూర్చుని పడవవాడితో బేరమాడుతోంది. "కిరాయి జాదా నక్కో బోల్ భయ్యా, హమ్ భీ కిరాయి వాలేచ్ హై." ఎక్కువ చెప్పకు, మేమూ కిరాయిల వాళ్లమే అని. మీ గదుల కిరాయి వసూలు చేసిన నోరు అది. వాడు సగానికి దిగాడు. పైగా అమ్మా అన్నాడు.

నన్ను చూసి లేచింది. ఏ దేశంలో ఏం చూశావని అడగలేదు. సంచి విప్పి, జొన్న రొట్టె, పచ్చికారం చేతిలో పెట్టింది. రొట్టె ఎండి అట్టలా ఉంది. ఆ మెట్ల మీద కూర్చుని ఏడుస్తూ తిన్నాను. పక్కన శవాలకి ఏడ్చేవాళ్లుంటారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. కాశీలో ఆ సౌకర్యం ఉంది.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. అరుగు మీద చదివితే మార్చకుండా చదువు.

కాశీకి వచ్చినవాళ్లు తమకి ఇష్టమైనదేదో ఒకటి ఇక్కడ వదిలెయ్యాలి కదా. ఒకసారి వదిలితే బతికినంతకాలం ముట్టకూడదు. నిన్న పొద్దున సత్రంలో తెలుగువాళ్లందర్నీ పంతులుగారు గట్టు మీద వరుసగా కూర్చోబెట్టారు. గోదావరి వైపు మనిషి, గొంతు కంచు. ఒక్కొక్కళ్లూ ఏం వదుల్తున్నారో చెప్పాలి, ఆయన సంకల్పం చెప్పించి గంగలో నీళ్లు వదిలిస్తాడు. మన తెలుగువాళ్ల త్యాగం నువ్వు చూడాలి. ఒక రిటైర్డు హెడ్మాస్టరు కాకరకాయ వదిలాడు. ఆయన భార్య, "ఆయన పుట్టాక కాకరకాయ తిన్లేదండి" అని నా చెవిలో చెప్పి, తనేమో డ్రాగన్ ఫ్రూట్ వదిలింది. ఒకాయన మామిడిపండు వదిలితే అందరం నోళ్లు తెరిచాం. ఆయనకి షుగరట. నేనేం తక్కువ, పనసపండు వదిలాను. ఆ వాసనే నాకు పడదు.

మీ అమ్మ వంతు వచ్చింది.

"ఏం వదుల్తున్నావమ్మా?"

"ఇష్టమున్నదే వదలాలె గద?"

"అంతేగా మరి. ఓ కాయో, పండో."

"రవళి."

పంతులుగారు చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నారు. "అదేం పండమ్మా, హైబ్రిడ్డా?"

"నా బిడ్డ."

మనుషుల్ని వదలకూడదనీ, శాస్త్రం ఒప్పదనీ, ఏ జామపండో చెప్పమనీ ఆయన నచ్చజెప్పాడు. మీ అమ్మ కదల్లేదు. గొంతు పెంచలేదు కూడా.

"పెండ్లయి ఏడేండ్లు నా కడుపు పండలే. అందరు గొడ్డుదన్నరు, మా అత్త ఇంకో పిల్లను గూడ సూసొచ్చింది. పండినంక ఇది పుట్టింది. కడుపు పండితె పుట్టింది పండు గాదా పంతులూ?"

నలభై ఏళ్లుగా వంకాయలూ దొండకాయలూ వదిలించిన మనిషి. వెనక వరుస గొణుగుతోంది, పడవవాడు అరుస్తున్నాడు. ఆయన ఒక్క క్షణం గంగ వైపు చూసి, మీ అమ్మ దోసిట్లో నీళ్లు పోశాడు. నీ పేరు రెండుసార్లు చెప్పించాడు. మీ అమ్మ నీళ్లు వదిలింది.

తర్వాత మెట్లెక్కాం. ఇది ముందే అనుకుని వచ్చారా అని నేనే అడిగాను.

"ఏం అనుకునుడు బిడ్డ. ఇష్టమైనది చెప్పుమన్నడు. నాకు ఎన్నున్నయి?" అంది. కాసేపయ్యాక మళ్లీ తనే అంది: "కాశీల ఇడిసింది మల్ల ఇంట్ల పెట్టుకునేది లేదు. రవళి నాయినకు గా సంగతి ఎర్కనే. నీ ఉత్తరాలు సదివేటప్పుడు అది ఆడాడ ఆగుతది. ఆగినకాడల్ల అబద్ధమే అని నాకు తెల్వదా? ఎన్నిసార్లు ఆగుతది పాపం."

రేపు మా రైలు. పోఖరాలో కొండ కనపడలేదని రాశాను కదా. ఇక్కడ రెండు రోజుల్లో నేనేమీ చూడలేదు. మీ అమ్మ వెనకాల నడిచాను. చాలు.

దివ్య


అంకలేశ్వర్, గుజరాత్
జనవరి

దివ్యా,

చేరాను. బతికే ఉన్నాను.

మీ ఇంట్లో సంగతులు కౌసల్యక్క ద్వారా తెలుస్తూనే ఉన్నాయి. మా అమ్మాయి కాశీయాత్ర చేసొచ్చిందని మీ అమ్మ సంబంధాలవాళ్లకు చెప్తోందట, కాకినాడ వాళ్లెవరో అది విని నీకు వైరాగ్యం ఉందేమోనని వెనక్కి తగ్గారట. మంచిదే.

మా ఇంట్లో జరిగింది నువ్వు సమారాధన నుంచి తొందరగా వెళ్లిపోయి చూడలేదు. భోజనాలయ్యాక, గల్లీ అంతా ఉండగా, నాయన అమ్మను గొప్పగా అడిగాడు: "కాశీల ఏం వదిలినవ్?" తనకు చెప్పకుండా పోయిన కోపం అప్పటికి పోయింది. గంగ నీళ్లు అందరికీ ఆయనే పంచాడు మరి. వంకాయ అంటుందనుకున్నాడు, వంకాయ అంటే అమ్మకు ప్రాణం.

"రవళిని" అన్నది అమ్మ, విస్తర్లు ఎత్తుతూ.

నాయన నవ్వాడు. అమ్మ నవ్వలేదు. యాదన్న చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. దశరథ్ మాత్రం లేచి, "అట్లెట్ల చెల్లుతదే" అన్నాడు. అంతే, నాయన వాడి మీదికి పోయాడు. "కాశీల అన్న మాట చెల్లదంటవారా?"

అన్నాక ఆయనకే అర్థమైంది ఏమన్నాడో.

తర్వాత వారం రోజులు మా నాయన ఎక్కని గుడి లేదు. పటాన్‌చెరులో ఒక పంతులు, బిడ్డ పండు కిందికి రాదన్నాడు. ఝరాసంగంలో ఇంకొకాయన, గంగలో నీళ్లు వదిలాక ఏ కిందికి వచ్చినా వచ్చినట్టే అన్నాడు. తెలియక ఇంట్లో ఉంచుకుంటే దోషం లేదు, తెలిసి ఉంచుకుంటే ఉంది అన్నాడట. మా నాయనకు తెలిసిపోయింది కదా. మొక్కు తప్పిన ఇల్లని రేపు గల్లీలో అంటే? ఆ భయం ముందు, బిడ్డ ఒక్కతే పరాయి రాష్ట్రంలో ఉంటే ఏమంటారో అన్న భయం చిన్నదైపోయింది. నేను ఎదురుగా నిలబడి, నాకు కావాలి, పోతాను అని కూడా చెప్పాను. నువ్వన్నావని చెప్పాను. ఆయన వినలేదు, అప్పటికే దుప్పట్లు కడుతున్నాడు.

లింగంపల్లి స్టేషన్ దాకా వచ్చాడు. పెట్టె తనే మోశాడు. రైలు కదిలేముందు కిటికీ చువ్వలు పట్టుకుని చెప్పాడు: "మీ అమ్మ వదిలింది. నేనింకా కాశీకి పోలె."

ఇక్కడ నాకొక గది ఉంది. కిటికీ తీస్తే మా ఇస్నాపూర్ కంపెనీల మందుల వాసనే. మొదటి రోజు తెల్లవారుజామున లేచి ఇస్నాపూర్‌లోనే ఉన్నాననుకుని చాయ్ పెట్టడానికి వంటింటి వైపు నడిచాను, గోడ తగిలింది. అదే పొగగొట్టాలు, అదే కిరాయి గదులు, కిరాయికుండేవాళ్ల అవే బీహారు పాటలు. ఇంత గొడవ చేసి ఇస్నాపూర్ నుంచి ఇస్నాపూర్‌కే వచ్చానని నువ్వు నవ్వుతావు. నవ్వు. ఈ గది తాళం నా దగ్గర ఉంది.

నాయన ప్రతి సాయంత్రం అరుగు మీద కూర్చుని ఫోన్ చేస్తాడు, స్పీకర్ పెట్టి. తిన్నవా, డ్యూటీ ఎప్పుడు, అంతే. అమ్మ పక్కనే ఉంటుంది. నాతో మాట్లాడదు. వదిలింది కదా, మాట తప్పదు. మా ఇంటి గోడతో మాట్లాడుతుంది.

"ఆడ సలి ఎట్లుందో ఏమో" అంటుంది గోడతో. "పప్పుల ఉప్పు ఎక్కువేసుకునే అలవాటు కొందరికి" అంటుంది. నిన్న, "పండుకునేటప్పుడు తలుపు గొళ్లెం పెడుతున్నరో లేదో" అన్నది.

నేను నా గది గోడ వైపు తిరిగి, పెడుతున్నరు, సలి తక్కువనే ఉంది, ఉప్పు సరిపోతుంది అని చెప్పాను.

రవళి